శుక్రవారం పడిన పన్నెండో కంతు

ఇప్పుడంటే ఫోన్ మీద వేలు పెడితే చాలు, డబ్బు పోతుంది. వేలు తీసేలోపల ఎవరికి పోయిందో కూడా మరిచిపోతాం. ఆ రోజుల్లో డబ్బు అంత చులకనగా గడప దాటేది కాదు. అది బయటికి పోవాలంటే వారం చూడాలి, తిథి చూడాలి, అన్నిటికన్నా ముందు మా అవ్వ ముఖం చూడాలి. మంగళవారం, శుక్రవారం, అమావాస్య నాడు మా ఇంట్లోంచి ఒక్క రూపాయి కదిలేది కాదు. ఆ మూడు రోజుల్లో లక్ష్మి బయటికి పోతే దోవ తెలీక తిరిగి రాదని అవ్వ నమ్మకం. (లోపలికి రావడానికి మాత్రం ఏ వారమైనా దోవ బాగానే తెలిసేది. శుక్రవారం నాడు ఎవరైనా చీర కొని డబ్బు చేతిలో పెడితే అవ్వ దాన్ని కళ్ళకద్దుకొని మరీ పెట్టెలో వేసేది.) ధర్మవరంలో మా వీధి వీధంతా ఇదే మతం. ఇచ్చేవాళ్ళందరూ శుక్రవారం కూడదనేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళందరూ శుక్రవారమే మంచిదనేవాళ్ళు. ఇద్దరి భక్తికీ లోటు లేకుండా ఊరు ఎలా నడిచిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా నాయనకు ముందు గదిలో పట్టుచీరల అంగడి, వెనక గదిలో నాలుగు మగ్గాలు. నా ఉద్యోగమల్లా వారానికొకసారి హిందూపురం పోయి పట్టుదారం కొనుక్కురావడం. దానికి నాయన నెలకు రెండు వేలు జీతం ఇచ్చేవాడు. ఆ జీతానికి ఆయుర్దాయం సరిగ్గా నాలుగు రోజులు. ధర్మవరం స్టేషన్ బయట దోసెలతో మొదలై, పెనుకొండ ప్లాట్‌ఫారం మీద వేడి వేడి మిరపకాయ బజ్జీలతో యవ్వనానికొచ్చి, హిందూపురం సినిమా హాలు బాల్కనీలో కన్నుమూసేది. ఆ దారిలో ఉన్న ప్రతి హోటల్ పైకప్పులోనూ నా జీతంతో వేసిన రేకు ఒకటైనా ఉంటుందని నా గట్టి నమ్మకం. ఒక హోటలాయనైతే నేను జ్వరంతో రెండు వారాలు కనిపించకపోయేసరికి, అంగడి ఎత్తేద్దామా అని ఇంట్లో ఆలోచన చేశాడట.

ఇంతటి ఖ్యాతి ఉన్నవాడికి పెనుకొండలో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి అక్కడే కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. తండ్రి హైస్కూల్లో లెక్కల సారు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసి, ఆ గోరంతను కూడా జేబులో వేసుకొని ఇంటికి తీసుకుపోయే మనిషి. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి నాకు కాఫీ ఇచ్చి, నేను మూడో మైసూర్‌పాక్ తీసుకోవడం చూసి, నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది. ఆ తిరగడంతో నా పని అయిపోయింది. ఇక ఈ జన్మకు ఈ అమ్మాయేనని ఆ మైసూర్‌పాక్ సాక్షిగా తీర్మానించుకున్నాను. లెక్కల సారు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని తాపీగా మొదలుపెట్టారు.

"ఏమప్పా, నీ సంగతి విన్నాను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా నీకు తెలీని హోటల్ లేదంట గదా?"

"అట్లేం లేదు సార్, ఒకటి రెండు..."

"నేను కట్నం గురించి మాట్లాడను. అడిగితే పిల్లనియ్యను, అడక్కపోయినా నిన్ను నమ్మను. నాకొక లెక్క ఉండాది. పన్నెండు నెలలు. నెలకు పదిహేను వందలు. ఒక్క కంతు తప్పకుండా బ్యాంకులో కట్టిన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టు. పన్నెండుకు పన్నెండు ఉంటే పిల్లనిస్తాను. పదకొండు ఉంటే మీ ఇంటికి పోయి పండుకో."

మా నాయన పక్కనే కూర్చొని ఆ మాటలకు ఎంత సంతోషపడ్డాడంటే, నాకు పెళ్ళైనా కాకపోయినా ఆ లెక్కల సారును మాత్రం వదులుకోకూడదని దారిపొడవునా చెబుతూ వచ్చాడు.

మరుసటి రోజే మా అంగడి కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకుకు పోయాను. అక్కడి ఆఫీసరును ఊరంతా ఫారాల సారు అనేవాళ్ళు. ఏమడిగినా ముందు సొరుగు లాగి ఒక ఫారం తీసేవాడు. మంచినీళ్ళు అడిగినా దానికొక ఫారం ఉండే ఉంటుందని మా అనుమానం. ఆయన నా ముందు మూడు రంగుల కాగితాలు పరిచాడు. మొదటిది, నెలనెలా ఒకే తేదీన ఒకే మొత్తం కట్టే ఆర్‌డీ. వడ్డీ ఎక్కువ, తప్పితే జరిమానా. రెండోది, బుద్ధి పుట్టినప్పుడు బుద్ధి పుట్టినంత కట్టేది. వడ్డీ తక్కువ. మూడోది, కరెంట్ అకౌంట్లో ఒక హద్దు దాటిన డబ్బు దానంతట అదే డిపాజిట్‌లోకి దూకి, అవసరమైతే మళ్ళీ దానంతట అదే వెనక్కి దూకేది. ఆ మూడోదాన్ని వర్ణించేటప్పుడు ఫారాల సారు కళ్ళు చెమర్చాయి. పెళ్ళికూతుర్ని చూసి ఒప్పుకోవడానికి నాకు అర నిమిషం పట్టింది. ఖాతాను చూసి ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. రెండోది నా స్వభావానికి అతికినట్టు సరిపోయేది. నా బుద్ధి ఎప్పుడు పుడుతుందో నాకే తెలీదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మూడోది దూకేదీ మళ్ళీ వెనక్కి వచ్చేదీ అచ్చం నాలాగే ఉంది కాబట్టి, ఒకే ఇంట్లో ఇద్దరం వద్దనుకున్నాను. చివరికి మొదటిదే నిలబడింది. పైగా డబ్బు నా చేతికి తగలకుండా, అంగడి కరెంట్ అకౌంట్ నుంచే నెలనెలా నేరుగా ఆర్‌డీలోకి పోయేలా ఒక కాగితం మీద నాయన సంతకం పెడితే చాలు.

"వీని చేతికిచ్చేదానికన్నా అది మేలు," అన్నాడు నాయన. నా జీతంలో పదిహేను వందలు బ్యాంకుకు, ఐదు వందలు హోటళ్ళకు. దోసెల హోటలాయన ఆ వార్త విని కుర్చీలో కూలబడ్డాడని చెప్పుకున్నారు.

అంతా కుదిరిందనుకున్న సమయంలో అవ్వ ఒక్క ప్రశ్న వేసింది. "ఏ వారం తీసుకుంటారు?"

వారం కాదు, తేదీ అని చెప్పాను. ఆ తేదీ శుక్రవారం పడితే ఎట్ల అని అడిగింది. మాట్లాడకుండా గోడకున్న క్యాలెండర్ పీకి చంకలో పెట్టుకొని, "పద బ్యాంకుకు," అంది. డెబ్భై రెండేళ్ళ వయసులో ఆమె బ్యాంకుకు రావడం అదే మొదటిసారి. ఫారాల సారు బల్ల మీద క్యాలెండర్ పరిచి, ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తేదీనీ పన్నెండు నెలలకూ వేలితో వెంబడిస్తూ పోయింది. వెనక క్యూ గుమ్మం దాటి, పక్కనున్న జెరాక్సు అంగడి దాటి, కదిరి రోడ్డు మలుపు దాకా పోయిందంటే అతిశయోక్తి కాదు. (కొంచెం అతిశయోక్తే. కానీ జెరాక్సు అంగడి దాకా నిజం.) తేలిందేమిటంటే, ఏ తేదీ తీసుకున్నా పన్నెండు నెలల్లో ఒక్కసారైనా మంగళవారమో శుక్రవారమో పడుతోంది.

"అవ్వా, కంప్యూటర్‌కు వారాలు తెలీవు," అన్నాడు ఫారాల సారు దీనంగా.

"తెలీకపోతే నేర్పు. ఆదివారం మీకు సెలవని నేర్పినావు గదా? ఆ ఒక్క వారం దానికి బాగా తెలిసినట్టుండాదే!"

ఫారాల సారు జీవితంలో మొదటిసారి సొరుగు లాగి ఏ ఫారమూ దొరక్క మళ్ళీ మూసేశాడు. నేను అవ్వను మెల్లగా గుమ్మం దాకా నడిపించి, మళ్ళీ లోపలికి పోయి, ఐదో తేదీ అని రాసి, బయటికొచ్చి నా జీవితంలోకెల్లా పెద్ద అబద్ధం ఆడాను. "అవ్వా, ఒప్పుకున్నారు. మంగళవారం, శుక్రవారం పడితే ముట్టరంట. మరుసటి రోజు తీసుకుంటారంట."

"చూసినావా? అడిగితే గదా పని అయ్యేది," అని అవ్వ క్యాలెండర్ చుట్టుకుంది.

పదకొండు నెలలు ఆ అబద్ధం మీద నిశ్చింతగా కాపురం చేశాను. ఒక నెల మంగళవారం పడింది, ఒక నెల శుక్రవారం పడింది. రెండుసార్లూ డబ్బు కట్ అయింది, రెండుసార్లూ అవ్వ సాయంత్రం అరుగు మీద కూర్చొని, "ఆ బ్యాంకోళ్ళు చానా మంచోళ్ళు, చెప్పిన మాట మీద నిలబడినారు," అని పక్కింటావిడకు చెప్పింది. లక్ష్మి మా ఇంటి నుంచి రెండుసార్లు బయటికి పోయి, ఎవరికీ చెప్పకుండా ఆర్‌డీలో క్షేమంగా ఉంది. నేను బజ్జీలు మానేశాను. బాల్కనీ నుంచి నేల టికెట్‌కు దిగాను. రైలు పెనుకొండలో ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి ఊరివైపు చూసి, ఇంకా ఏడు, ఇంకా నాలుగు, ఇంకా ఒకటి అనుకునేవాణ్ణి. ఆ చివరి ఒకటి శుక్రవారం పడింది.

దానికి రెండు రోజుల ముందు, బుధవారం నాడు, ఫారాల సారు కూతురి సీమంతానికి చీర కొనాలని మా ఇంటికే వచ్చాడు. నేను మగ్గాల గదిలో ఉన్నాను. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, ఆశీర్వదించి, "మా శుక్రవారం మాట తప్పకుండా నిలబెట్టినావు నాయనా," అంది. ఆ అమాయకుడు మజ్జిగ తాగుతూ, "ఏ మాటవ్వా? ఐదో తేదీ ఏ వారమైనా కట్ అయిపోతాది గదా. ఎల్లుండి శుక్రవారం కూడా అవుతాది," అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మా ఇంట్లో తుపాను హెచ్చరికలాంటిది. కానీ ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. గురువారం పొద్దున్నే నేను హిందూపురం బండెక్కేశాను. రాత్రికి అక్కడే ఉండి, మరుసటి రోజు దారం కొనుక్కొని రావడం నా అలవాటు. బండి స్టేషన్ దాటిందో లేదో, అవ్వ నాయనను బ్యాంకుకు పంపి, కరెంట్ అకౌంట్లో ఖాతా చచ్చిపోకుండా ఉండడానికి ఎంత కావాలో అంత ఉంచి, మిగతాదంతా తీయించి, ఇనుప పెట్టెలో పెట్టించింది. శనివారం పొద్దున్నే మళ్ళీ కట్టేస్తే సరిపోతుంది కదా అని ఆమె లెక్క. ఆమె లెక్కలో తప్పు లేదు. బ్యాంకుకు ఆ లెక్క తెలీదు, అంతే.

శుక్రవారం పదకొండున్నరకు నేను హిందూపురంలో దారం షావుకారు అంగడిలో ఉండగా ఆయన ఫోన్ మోగింది. ఫారాల సారు.

"ఏమబ్బా, మీ కరెంట్ అకౌంట్ ఊడ్చినట్టుండాది! నీ కంతు యాడ నుంచి తీసేది? నాలుగు గంటల దాకా చూస్తాను. అంతలోపల దుడ్లు పడితే సరే, లేదంటే పుస్తకంలో తప్పినట్టు ముద్ర పడుతాది. నా చేతిలో ఏమీ లేదు."

నా దగ్గరున్న డబ్బంతా అప్పుడే షావుకారు గల్లాపెట్టెలోకి పోయింది. నా జేబులో టికెట్‌కు, రెండు ఇడ్లీలకు సరిపడా చిల్లర ఉంది. పదేళ్ళుగా నన్ను కొడుకులా చూసుకునే ఆ షావుకారును, "పదిహేను వందలుంటే ఇయ్యండి, సోమవారం తెచ్చిస్తాను," అని అడిగాను. ఆయన నావైపు నిజమైన బాధతో చూశాడు.

"అడగక అడగక అడిగినావు. కానీ ఇయ్యాల శుక్రవారం గదప్పా!"

అప్పుడు అర్థమైంది నాకు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలుపట్టాల పొడవునా ఆ రోజు లక్ష్మి కాళ్ళకు గొలుసులు వేసుకొని కూర్చుంది.

పన్నెండు గంటల ప్యాసింజర్ ఎక్కాను. ఆ బండి ఆ రోజు నడిచినంత నెమ్మదిగా ఏ బండీ నడిచి ఉండదు. కంచెల్లో మేకలు మమ్మల్ని దాటిపోయాయి. ఇప్పుడు కార్లు తయారయ్యే ఎర్రమంచి దగ్గర అప్పట్లో ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేనిచోట కూడా మా బండి పావుగంట ఆగి, చుట్టూ చూసి, ఏమీ లేదని నిర్ధారించుకొని బయల్దేరింది. పెనుకొండలో ఆగగానే అలవాటుగా కిటికీలోంచి చూశాను. లెక్కల సారు గొడుగు చంకలో పెట్టుకొని సరిగ్గా నేనున్న బోగీలోకే ఎక్కుతున్నారు. వెనకే ఆ అమ్మాయి.

"ఏమప్పా, ఎదురుపడితివే! మంచిదే. ఇయ్యాల్టితో నీ పన్నెండు నెలలు అయిపోతాయి గదా, పుస్తకం చూసేదానికే వస్తాండాము. పనిలో పనిగా మీ అంగట్లో ఒక చీర కూడా తీసుకుంటాము."

"చీరా? అంటే... ఒప్పుకున్నట్టేనా సార్?"

"తొందరపడొద్దు. పుస్తకం సరిగ్గా ఉంటే నువ్వు. లేదంటే కొత్తచెరువు నుంచి ఎరువుల అంగడి సంబంధం ఆదివారం వస్తాండారు. ఎవరైనా గానీ, పెండ్లికి చీరైతే కావల్ల గదా? రెండుసార్లు రైలు చార్జీ ఏంటికని."

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉండిందో ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయి ముఖంలో తెలిసింది. "ఒంట్లో బాగలేదా?" అని మెల్లగా అడిగింది. ఎండ అన్నాను. నేను కూర్చున్నది నీడవైపు.

ఇల్లు చేరేసరికి రెండుంబావు. వాళ్ళిద్దరినీ ముందు గదిలో నాయన ముందు కూర్చోబెట్టి, చీరలు పరచమని చెప్పి, లోపలికి పరుగెత్తాను. అవ్వ ఇనుప పెట్టె మీద కూర్చొని ఉంది. పెట్టె పక్కన కాదు, పెట్టె మీదే. పొద్దున్నుంచీ దిగలేదట. తమలపాకులు, చెంబుతో నీళ్ళు, విసనకర్ర అన్నీ చేతికందేలా పెట్టుకుంది. కోటకు ముట్టడి పడితే లోపలివాళ్ళు అలాగే సర్దుకుంటారేమో.

"అవ్వా, పదిహేను వందలు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. శనివారం ఇస్తా."

"శనివారానికి నా పెండ్లి కొత్తచెరువుకు పోతాది!"

"నాకు అబద్ధం చెప్పినోనికి పెండ్లి ఏంటికి? ముట్టరంట, మరుసటి రోజు తీసుకుంటారంట! నేను ఊరంతా ఆ బ్యాంకోళ్ళను పొగిడితి గదరా!"

"తప్పైపోయిందవ్వా. బయట ఆయన కూర్చోనుండాడు. నాలుగింటికి బ్యాంకు మూస్తారు. ఆ ఒక్క కంతు పడకపోతే పదకొండే అవుతాయి, ఆయన పదకొండుకు పిల్లనియ్యడు."

అవ్వ గొంతు కొంచెం తగ్గింది. "ఒరేయ్, నాకు మాత్రం నీ పెండ్లి ఇష్టం లేదా? నా పెండ్లైన కొత్తలో ఒక శుక్రవారం మీ తాత నా మాట వినకుండా ఎవరికో దుడ్లిచ్చినాడు. అవి తిరిగి రాలేదు. ఆ యేడే రెండు మగ్గాలు అమ్ముకున్నాము. నేనుండగా ఇంకో శుక్రవారం ఈ పెట్టె తెరవను."

తల ఎత్తి చూస్తే, మంచినీళ్ళ కోసం వచ్చిన పెనుకొండ అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. అన్నీ వినేసింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. మగ్గం గుంట పక్కనే ఉంది కాబట్టి ఆ సౌకర్యం కూడా ఉండింది. కానీ ఆమె నన్ను చూడలేదు. పెట్టె పక్కన నేల మీద కూర్చొని అవ్వను అడిగింది.

"అవ్వా, శుక్రవారం ఇంట్లోంచి దుడ్లు పోకూడదు. అంతే గదా?"

"అంతే తల్లీ."

"ఇంట్లోకి రానే రాని దుడ్లు?"

అవ్వ విసనకర్ర ఆపింది. "అంటే?"

"మేము చీర కొంటాము. ఆ దుడ్లు మీ చేతికియ్యము. నేరుగా పోయి బ్యాంకులో మీ ఖాతాకు కట్టేస్తాము. అవి మీ గడప తొక్కవు, పెట్టె ముట్టవు. బ్యాంకోడు తీసుకుంటే ఆడనే తీసుకుంటాడు. రానిది ఎట్ల పోతాది?"

అవ్వ క్యాలెండర్ వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, ఆ అమ్మాయి వైపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఒరేయ్, ఈ పిల్ల నాకు కావల్ల. నువ్వు ఏమన్నా చేసుకో," అంది. పెట్టె మీద నుంచి మాత్రం దిగలేదు.

ముందు గదిలోకి పోయేసరికి మూడు కావస్తోంది. ఆ అమ్మాయి కూర్చుంటూనే పైనున్న వంకాయరంగు చీర తీసి, "నాన్నా, ఇది," అంది. నాయన నాలుగు వేల ఐదు వందలన్నాడు. సారు మూడు వేలన్నారు. అది బేరానికి మొదటి మెట్టు. మామూలుగా ఆ మెట్ల మీద గంటసేపు ఎక్కి దిగి, మధ్యలో ఒకసారి లేచి వెళ్ళిపోయినట్టు నటించి, కాఫీ తాగి, అప్పుడు ఒక మాటకు రావాలి. ఆ మర్యాదంతా మరిచిపోయి నేను, "సరే సార్, మూడు వేలే!" అని అరిచాను. నాయన గుండె పట్టుకున్నాడు. సారు చటుక్కున చీర కింద పెట్టేశారు.

"ఏమప్పా, ఇంత సులభంగా ఒప్పుకున్నావంటే దీంట్లో ఏదో లోపం ఉండాది."

"ఏమీ లేదు సార్, అసలు పట్టు!"

"అయితే రెండున్నర వేలకియ్యి."

"సరే సార్!"

"చూసినావా? లోపం ఖాయం." ఆయన కళ్ళద్దాలు సర్దుకొని చీరను అంగుళం అంగుళం పరీక్షించడం మొదలుపెట్టారు. ఆరు గజాలు. అంచు చూశారు, కొంగు చూశారు, వెనక్కి తిప్పి దారాలు చూశారు. గోడ గడియారం మూడు ఇరవై దాటింది. నా కళ్ళ ముందు ఎరువుల అంగడివాడు గుర్రమెక్కి పెనుకొండ వీధుల్లో తిరుగుతున్నాడు. నాయన సంగతి గ్రహించి బేరాన్ని నిలబెట్టాడు. "పిల్లోనికి బుద్ధి లేదు సార్. నాలుగు వేలు. ఒక్క రూపాయి తగ్గదు. ఇష్టముంటే తీసుకోండి." ఆ మాటతో సారుకు ప్రాణం లేచి వచ్చింది. "ఆ, ఇప్పుడు నమ్ముతాను. ఇది మంచి చీరే," అని నాలుగు వేలకు ఒప్పుకున్నారు. ఇందాక రెండున్నర వేలకు వద్దన్న మనిషి!

అప్పుడు ఆ అమ్మాయి ఆఖరి పాచిక వేసింది. "నాన్నా, చేతికియ్యొద్దు. బ్యాంకులో వాళ్ళ ఖాతాకు కట్టి రసీదు తీసుకుందాం. రేపు ఏమన్నా తేడా వస్తే మన దగ్గర ఆధారం ఉంటాది." రసీదు అనే మాట వినగానే సారు గొడుగు తీసుకొని లేచి నిలబడ్డారు.

బ్యాంకులో అడుగుపెట్టేసరికి నాలుగుకు పదిహేను నిమిషాలు తక్కువ. సారు చలానా తీసుకొని, పెన్ను విదిలించి, పదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రాసినంత అందంగా ఒక్కొక్క అక్షరం చెక్కసాగారు. మొదటి చలానాలో ఒక సున్నా గుండ్రంగా రాలేదని ఇంకొకటి అడిగారు. ఫారాల సారు ఆ ఇంకొకటి ఇచ్చేటప్పుడు నావైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను. నాలుగుకు మూడు నిమిషాలున్నప్పుడు ముద్ర పడింది. ఆ ముద్ర శబ్దంలో నాకు మేళతాళాలు వినిపించాయి. ఫారాల సారు ఊపిరి వదిలి, అంతవరకూ దాచుకున్న సంతోషాన్ని గది మొత్తానికి వినబడేలా పంచిపెట్టాడు.

"బతికిపోయినావు పోబ్బా! ఈ సారు చీర దుడ్లు పడకపోయుంటే నీ పన్నెండో కంతు గోవింద!"

లెక్కల సారు రసీదు మడతపెట్టడం ఆపి, నావైపు, కూతురివైపు, మళ్ళీ నావైపు చూశారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. మనసులో కూడికలు, తీసివేతలు నడుస్తున్నాయి.

"అంటే," అన్నారు చివరికి, "నువ్వు పొదుపు చేస్తాండావో లేదో చూసేదానికి వచ్చిన నేను... నీ పొదుపు కట్టినానా?"

ఇక దాచి లాభం లేదని శుక్రవారం, పెట్టె, అవ్వ, నా అబద్ధం, అన్నీ అక్కడే నిలబడి చెప్పేశాను. పుస్తకం చేతిలో పెట్టాను. ఆయన పన్నెండు వరసలూ వేలితో లెక్కపెట్టారు. మళ్ళీ కింద నుంచి పైకి లెక్కపెట్టారు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డారు. ఆమె నా పక్కన నిలబడి చీర కవర్ గట్టిగా పట్టుకుంది.

"పన్నెండు కంతులు పడల్ల అన్నాను. పడినాయి. కట్టేది నీ దుడ్లే కావల్ల అని నేను చెప్పలేదు. అది నా తప్పు," అన్నారు సారు. "పరీక్షలో ప్రశ్నే తప్పుంటే ఏం చేస్తారో తెలుసా అప్పా? రాసినోనికి మార్కులు ఇచ్చేస్తారు. తీసుకో."

అలా తప్పు ప్రశ్నకు వచ్చిన మార్కులతో నాకు పెళ్ళైంది. ఆ పెళ్ళిలో అవ్వ ముందు వరసలో కూర్చొని, కట్నకానుకల బల్ల వైపు చూస్తూ, వచ్చేవన్నీ కళ్ళకద్దుకుంది. వంకాయరంగు చీరకు అసలు ఖరీదు ఎంతో మామగారు మమ్మల్ని ఇప్పటికీ చెప్పనివ్వలేదు. లెక్కల సారు కూతురు కావడంతో మా ఆవిడ ఒక చిన్న లెక్కను ఇరవై ఐదేళ్ళుగా వదలడం లేదు. నా ఆర్‌డీలో పన్నెండో వంతు ఆమెది కాబట్టి, దానితో కొన్న మోటార్‌సైకిల్‌లో, ఆ మోటార్‌సైకిల్ అమ్మి వేసిన గదిలో, ఆ గది మీద వచ్చే బాడుగలో ఎప్పటికీ పన్నెండో వంతు ఆమెదేనట. మిగతా పదకొండు వంతులూ ఆమె దగ్గరే ఉంటాయి కాబట్టి నేనూ వాదించను.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఇనుప పెట్టె ఇప్పుడు మా పడకగదిలో పాత దుప్పట్లు మోస్తోంది. మా పొదుపంతా ఫోన్‌లోనే. ఎవరినీ అడగదు, ఏ వారమూ చూడదు, తేదీ రాగానే కట్ చేసుకుంటుంది. ఈ మధ్య ఐదో తేదీ శుక్రవారం పడింది. పొద్దున్నే ఎందుకో ఫోన్ తీసుకుపోయి ఆ పెట్టెలో దుప్పట్ల మధ్య పెట్టి, మూత వేసి, మీద కూర్చున్నాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ గడప దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు నిలబడినట్టే నిలబడి, నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది.

"లేయప్పా," అంది కాసేపటికి. "అవి తెల్లారకముందే పోయినాయి."

తెలుసు. అయినా కాఫీ అయ్యేదాకా నేను దిగలేదు.